కమ్యూనిటీ టీవీ స్టేషన్‌లో అమిగా 2000: మార్చే ముందు చేయాల్సిన పనులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒహాయోలో ఒక చిన్న ఊరి కమ్యూనిటీ టీవీ స్టేషన్‌లో వాలంటీరుగా చేరారు. కౌన్సిల్ మీటింగులు, స్కూలు సెలవులు, మూసిన రోడ్లు చూపించే ప్రకటనల బోర్డును అక్కడ ఇప్పటికీ కొమడోర్ అమిగా 2000 అనే పాత హోమ్ కంప్యూటర్ నడుపుతోంది. దాన్ని తీసేసి మామూలు పీసీ పెడదామంటే ఎన్నో ఏళ్లుగా దాన్ని చూసుకుంటున్న పాత వాలంటీరు ఒప్పుకోవడం లేదు, ఆయన మొండి అని మీరన్నారు. అంత పాతది ఇంకా ఎలా పనిచేస్తోంది, ఎంతవరకు నమ్మొచ్చు, ఇప్పుడు ఏం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. దాన్ని మార్చే రోజు తప్పకుండా వస్తుంది. అది ఈ వారమే కానక్కర్లేదు. ఈ వారం చేయాల్సినవి రెండే: దాని డిస్కులో ఉన్నదంతా బయటికి కాపీ చేయడం, ఆ తర్వాత యంత్రం లోపలి సర్క్యూట్ బోర్డు మీది బ్యాటరీని కోసి తీసేయడం. ఈ వరస తప్పకూడదు, ఎందుకో కింద చెబుతాను. ఇలాంటి స్టేషన్లలో ఈ యంత్రాలను బాగుచేస్తూ చాలా ఏళ్లు గడిపాను, వాటి మీద నాకు ప్రేమ ఉంది. అయితే కింద చెప్పేదేదీ ఆ ప్రేమ కోసం చెప్పడం లేదు. ఆ ప్రకటనల బోర్డు చూసి రేపు స్కూలు ఉందో లేదో తెలుసుకునేవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లకు తెర ఆగిపోకూడదు.

ఇంతకాలం ఎలా నిలబడిందో అర్థం కావాలంటే టీవీ సిగ్నల్ దగ్గర మొదలుపెట్టాలి. 1980ల్లో అమెరికన్ ఇళ్లకు వచ్చిన కంప్యూటర్లను ఎక్కువమంది హాల్లో ఉన్న టీవీకే తగిలించుకునేవారు. అందుకని వాటి లోపల ప్రతి పనికీ తాళం వేసే క్లాక్‌ను టీవీ లెక్క ప్రకారమే కట్టారు. అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో రంగుల సమాచారం మోసే తరంగం, అంటే కలర్ సబ్‌క్యారియర్, 3.579545 మెగాహెర్ట్జ్. అటారీ 8 బిట్ యంత్రాల ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, అంటే అందులో సగం. అమిగా వేగం 7.16, అంటే సరిగ్గా రెట్టింపు. ఆఫీసు యంత్రమని పేరుపడ్డ మొదటి ఐబీఎం పీసీ 4.77 కూడా అక్కడినుంచే వచ్చింది: 3.58కి నాలుగు రెట్లయిన 14.318ని మూడుతో భాగించి చూడండి. ఆ తరం యంత్రాల్లో చాలావాటిని విప్పితే ఈ లెక్క ఎక్కడో ఒకచోట తగులుతుంది.

అమిగా ఇంకో అడుగు ముందుకేసింది. 1985 జులైలో న్యూయార్క్‌లో లింకన్ సెంటర్‌లో అమిగా 1000ను విడుదల చేశారు. తన సొంత క్లాక్‌ను పక్కన పెట్టి బయటినుంచి వచ్చే క్లాక్‌తో నడవగల ఏర్పాటు ఆ యంత్రంలోనే ఉంది. వెనక ఉన్న 23 పిన్నుల వీడియో పోర్టులో దానికోసం ప్రత్యేకంగా పిన్నులున్నాయి. జెన్‌లాక్ అనే పెట్టెను అక్కడ తగిలిస్తే కెమెరా సిగ్నల్‌తో కంప్యూటర్ బొమ్మ లైనుకు లైను కలిసి కదులుతుంది. రంగుల పట్టికలో సున్నా నంబరు రంగు ఉన్న చోటల్లా కంప్యూటర్ బొమ్మ తప్పుకుని వెనక ఉన్న వీడియో కనిపిస్తుంది. కౌన్సిల్ సభ్యుడు మాట్లాడుతుంటే కింద ఆయన పేరు రావడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అదే పని చేసే ప్రొఫెషనల్ క్యారెక్టర్ జనరేటర్లకు అప్పట్లో పదుల వేల డాలర్లు పెట్టాలి. 1987లో వచ్చిన అమిగా 2000 రెండు వేల డాలర్ల లోపే దొరికింది. పైగా దాని వీడియో స్లాట్‌లో జెన్‌లాక్ కార్డును లోపలే పెట్టుకోవచ్చు.

అదే కాలంలో వచ్చిన, వీజీఏ అనే తెర పద్ధతి ఉన్న పీసీ ఈ పనికి ఎందుకు పనికిరాలేదంటే, దాని తెర సెకనుకు సుమారు 31,500 లైన్లు గీస్తుంది. టీవీకి కావలసింది 15,734. అందులోనూ సరి లైన్లు ఒకసారి, బేసి లైన్లు ఒకసారి రావాలి. ఈ తేడా కలపడానికి మధ్యలో స్కాన్ కన్వర్టర్ పెట్టాలి. చవకవి పెడితే అక్షరాలు మసకబారేవి, మంచివి పెట్టాలంటే కంప్యూటర్ కంటే ఎక్కువ ఖర్చయ్యేది. అమిగా పుట్టుకతోనే 15,734కి ఇచ్చే యంత్రం. చాలా కంప్యూటర్లలో బొమ్మ చుట్టూ నల్ల అంచు మిగిలేది. అమిగాలో ఓవర్‌స్కాన్ పెడితే బొమ్మ టీవీ గాజు చివరిదాకా పరుచుకునేది, చూసేవాళ్లకు అది కంప్యూటర్ తెర అన్న అనుమానమే వచ్చేది కాదు.

అందుకే 1980ల చివర్లో, 90ల్లో కేబుల్ ప్రపంచం దీన్ని అంతలా వాడింది. ఓక్లహోమాలోని టల్సా కేంద్రంగా పనిచేసిన యునైటెడ్ వీడియో సంస్థ 1988లో మొదలుపెట్టిన ప్రివ్యూ గైడ్‌ను తీసుకోండి. ఏ చానెల్లో ఏమొస్తుందో కింద నుంచి పైకి కదులుతూ చూపించే ఆ చానెల్ కోసం కేబుల్ కంపెనీల హెడ్‌ఎండ్‌లలో, అంటే ఇళ్లకు సిగ్నల్ పంపే కేంద్రాల్లో, అమిగా 2000లు కూర్చున్నాయి. అవి క్రాష్ అయినప్పుడు నల్ల తెర మీద మిణుకుమిణుకుమనే ఎర్ర పెట్టె, అందులో గురు మెడిటేషన్ అన్న మాటలు, కొన్ని అంకెలు ఇంటింటి టీవీల్లోనూ కనిపించేవి. మీ తెర మీద అది ఎప్పుడైనా వస్తే ఆ అంకెలను ఫొటో తీసి పెట్టుకోండి. ఏ రకం తప్పు జరిగిందో వాటిని బట్టి చెప్పొచ్చు. తెర మీద పేజీలు చూపించడానికి నార్వేలో పుట్టిన స్కాలా సాఫ్ట్‌వేర్ కూడా ఈ యంత్రం మీదే పెరిగింది. మీ బోర్డులో పేజీలు మెల్లగా కరిగి మారుతూ, అక్షరాల అంచులు నున్నగా కనిపిస్తుంటే అది స్కాలా అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. చాలామంది ఇక్కడ పొరబడతారు, స్టేషన్ దగ్గర డబ్బు లేక పాతది వాడుతోందని అనుకుంటారు. అసలు కథ కొంచెం వేరు. అమెరికాలో ఊరివాళ్లే నడుపుకునే కేబుల్ చానెల్ 1968లో వర్జీనియాలోని డేల్ సిటీలో మొదలైంది. 1971లో న్యూయార్క్ మాన్‌హాటన్‌లో ప్రజలే కార్యక్రమాలు ప్రసారం చేసుకునే పబ్లిక్ యాక్సెస్ చానెళ్లు వచ్చాయి. 1972లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెద్ద మార్కెట్లలోని కేబుల్ కంపెనీలు ఇలాంటి చానెళ్లు ఇచ్చి తీరాలని రూలు పెట్టింది. ఆ అధికారం ఎఫ్‌సీసీకి లేదని 1979లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 1984 కేబుల్ చట్టం ఆ హక్కును ఊళ్ల చేతికి ఇచ్చింది. కేబుల్ కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు ప్రజలకు, స్కూళ్లకు, ప్రభుత్వానికి చానెళ్లు ఇవ్వమని ఊరు అడగొచ్చు, ఆదాయంలో 5 శాతం దాకా ఫీజు తీసుకోవచ్చు. అదే చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఈ చానెళ్ల సామగ్రికి అయ్యే పెట్టుబడి ఖర్చు ఆ 5 శాతం లెక్కలోకి రాదు. అందువల్ల చాలా ఊళ్లలో ఈ పద్దు కింద వచ్చే డబ్బును కెమెరాలు, ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మార్చే స్విచర్లు కొనడానికే వాడాలి, జీతాలకు వాడకూడదు.

దీని ఫలితం ఏమిటో మీ స్టేషన్ అల్మరాలు తెరిస్తే కనిపిస్తుంది. కొత్త కెమెరాలు ఉంటాయి, వాటిని నేర్పించే మనిషి ఉండడు. ప్రకటనల బోర్డు మార్చాలంటే పెట్టె కొనడం చిన్న పని. వందల పేజీలు కొత్తగా టైపు చేసి, మూడు నెలలు పక్కన కూర్చుని చూసుకునే మనిషి దొరకడమే కష్టం. ఆగని యంత్రాన్ని ఎవరూ ముట్టుకోరు. కేబుల్ చందాదారులు తగ్గుతున్నకొద్దీ ఫీజూ తగ్గుతోంది. ఒప్పందం ప్రకారం కంపెనీ ఇచ్చే ఉచిత సేవల విలువను కూడా 5 శాతంలో కలపొచ్చని 2019లో ఎఫ్‌సీసీ అన్నది, 2021లో కోర్టు అందులో కొంత భాగాన్ని నిలబెట్టింది. కాబట్టి మనిషి కొరత ఇంకా పెరుగుతుందనే నేను అనుకుంటున్నాను. మన దగ్గర జహీరాబాద్ పక్కన మాచనూరులో సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో 2008 నుంచి నడుస్తోంది, దాని గురించి విన్న వాళ్లకు ఈ పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. టీవీలో మాత్రం ఇండియాలో ఇలాంటి చట్టబద్ధమైన ఏర్పాటు లేదు, లోకల్ కేబుల్ ఆపరేటర్ సొంత చానెలే ఉంటుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం.

కాపీ ముందు ఎందుకంటే, మీ అమిగా ఏళ్లుగా ఆగకుండా తిరుగుతోంది. వేడి మీద తిరుగుతున్న పాత హార్డ్‌డిస్కును ఆపి చల్లారనిస్తే మళ్లీ తిరగకపోవచ్చు. ఆ కాలం అమిగాల్లో క్వాంటమ్ ప్రోడ్రైవ్ డిస్కులు చాలా ఉండేవి. వాటి లోపల డేటా చదివే హెడ్డు ఆగే చోట ఉన్న రబ్బరు ముక్క ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారి, హెడ్డును పట్టేస్తుంది. మూత విప్పి చూద్దామని స్విచ్ ఆపారంటే అక్కడితో డేటా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి నడుస్తుండగానే కాపీ తీయాలి. అమిగా 1985 నుంచే ఒకేసారి నాలుగు పనులు చేసే యంత్రం కాబట్టి ఇది సాధ్యం. వెనక ఉన్న 25 పిన్నుల సీరియల్ పోర్టుకు రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్ పెట్టి, అవతల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో మీ లాప్‌టాప్ కలపండి. అమిగాలో టెర్మినల్ ప్రోగ్రామ్ ఉంటే ఫైళ్లు పంపే జెడ్‌మోడెమ్ పద్ధతితో పంపొచ్చు, లేదా అమిగా ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్ వాడొచ్చు.

వేగం చూసి కంగారు పడకండి. 19,200 బాడ్ దగ్గర సెకనుకు 1,920 బైట్లు వెళ్తాయి. ఒక ఫ్లాపీ అంత సమాచారం, అంటే 880 కిలోబైట్లు, ఎనిమిది నిమిషాలు పడుతుంది. 52 మెగాబైట్ల డిస్కు మొత్తం తీయాలంటే ఏడున్నర గంటలు. ఒక రాత్రి వదిలేస్తే సరి. ముందుగా పేజీలూ స్క్రిప్టులూ ఉన్న డ్రాయర్లు (అమిగాలో ఫోల్డర్ల పేరు) తీయండి, తర్వాత ఫాంట్లు, చివర్లో సిస్టమ్. ఆ రాత్రి తెర తడబడితే చూపించడానికి ఒక స్థిరమైన స్లయిడ్‌ను ఇంకో ప్లేయర్ మీద సిద్ధంగా ఉంచుకోండి. ఒక జాగ్రత్త: కొన్ని స్టేషన్లలో టేప్ డెక్కులను అదే సీరియల్ పోర్టు నడిపిస్తుంది. దానికి ఇప్పటికే ఏదైనా కేబుల్ తగిలి ఉంటే అది ఏమిటో పాత వాలంటీరును అడగకుండా పీకొద్దు.

ఫ్లాపీలు వేరే కథ. అమిగా డిస్కును మామూలు పీసీ ఫ్లాపీ కంట్రోలర్ చదవలేదు, ట్రాక్ రాసే పద్ధతే వేరు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు కొనుక్కుని, ఒక పాత పీసీ ఫ్లాపీ డ్రైవ్ కలిపితే ప్రతి డిస్కూ 901,120 బైట్ల ఏడీఎఫ్ అనే నకలు ఫైలుగా వచ్చేస్తుంది. చదివే ముందు ఒక్కో డిస్కు షట్టర్ జరిపి వెలుతురులో చూడండి. తెల్లటి బూజు మచ్చలుంటే దాన్ని డ్రైవ్‌లో పెట్టొద్దు, హెడ్డుకు అంటుకుని తర్వాతి డిస్కులన్నీ పాడవుతాయి.

కాపీ అయ్యాక, దాన్ని ఇంకో చోట తెరిచి చూసుకున్నాకే స్విచ్ ఆపండి. ఇప్పుడు బ్యాటరీ. అమిగా 2000 బోర్డు మీద ప్రాసెసర్ దగ్గర్లో చిన్న పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, టైము గుర్తుపెట్టుకోవడానికి. ఈ యంత్రాలను చంపేది ముసలితనం కాదు, ఈ బ్యాటరీ. కారిన ద్రవం రాగి గీతలను తినేస్తుంది, ప్రాసెసర్ సాకెట్ కిందికి పాకుతుంది. ఆకుపచ్చటి పొర కనిపించేసరికే చాలా ఆలస్యమై ఉంటుంది. ఒక స్టేషన్‌లో పదిహేనేళ్లు నిక్షేపంగా పనిచేసి, స్టోర్‌రూమ్‌లో పెట్టిన తర్వాత రెండేళ్లలో పూర్తిగా పోయిన బోర్డు చూశాను. వాడుతున్నంతకాలం దానికి చార్జింగ్ అందుతుంది, మూలన పడేస్తే పూర్తిగా ఖాళీ అయ్యి కారడం మొదలుపెడుతుంది. అందుకే కొత్త పీసీ పెట్టేసి దీన్ని అటక మీద భద్రంగా దాచడం అన్నిటికంటే చెడ్డ పని.

బ్యాటరీ కాళ్లు కట్టర్‌తో కోసేయండి. అప్పటికే కారి ఉంటే ఆ ద్రవం క్షార గుణం గలది కాబట్టి కాస్త వెనిగర్ దూదితో అద్ది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. బ్యాటరీ లేకపోయినా యంత్రం మామూలుగానే నడుస్తుంది, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము పెట్టుకోవాలి, అంతే. మీ ప్రకటనల బోర్డు రోజూ ఫలానా టైముకు ఫలానా పేజీ చూపించేలా ఉంటే మాత్రం పాత బ్యాటరీ స్థానంలో గుండ్రటి బిళ్ల బ్యాటరీ పట్టే కాయిన్ సెల్ అడాప్టర్ పెట్టుకోండి. కరెంటును ఒకవైపే వెళ్లనిచ్చే డయోడ్ అందులో ఉందో లేదో చూసి మరీ కొనండి. పాత బ్యాటరీని చార్జ్ చేయడానికి బోర్డు కరెంటు పంపుతూనే ఉంటుంది. లిథియం కాయిన్ సెల్‌ను అలా చార్జ్ చేస్తే అది పగిలిపోగలదు. తేదీల విషయంలో ఇంకో సందేహం చాలామందికి వస్తుంది. 2000 సంవత్సరం సమస్య ఈ సిస్టమ్‌కు లేదు, అది 1978 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతుంది.

కెపాసిటర్ల గురించి ఇంటర్నెట్‌లో చదివి టెన్షన్ పడుతుంటే, ఆ బెడద ఎక్కువగా అమిగా 1200, 4000, 600లకు. వాటిలో ఉపరితలం మీద అతికించిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారుతాయి. మీ 2000లో ఉన్నవి కాళ్లున్న పాత రకం, బోర్డు మీదివి సాధారణంగా బాగానే ఉంటాయి. పవర్ సప్లై మాత్రం తెలిసినవాళ్లతో విప్పించి, ఫ్యాన్, కెపాసిటర్లు మార్పించండి. 5 వోల్టుల లైనును యంత్రం నడుస్తుండగా మీటర్‌తో కొలవాలి, ఖాళీగా ఉన్నప్పటి కొలత దేనికీ పనికిరాదు.

హార్డ్‌డిస్కు స్థానంలో స్కజీ (పాత డిస్కులను కంప్యూటర్‌కు కలిపే పద్ధతి) నుంచి ఎస్‌డీ మెమరీ కార్డుకు మార్చే బోర్డు పెట్టేయండి. బ్లూస్కజీ, జులుస్కజీ వంటివి సులభంగా దొరుకుతున్నాయి. ఫ్లాపీ డ్రైవ్‌కు బదులు యూఎస్‌బీ డ్రైవ్‌ను ఫ్లాపీలా చూపించే గోటెక్ పెట్టుకోవచ్చు. వీటితో శబ్దం, వేడి తగ్గుతాయి, పైగా రేపు ఏదైనా అయితే కార్డు మార్చి పది నిమిషాల్లో మళ్లీ ప్రసారంలోకి రావచ్చు. ప్రాసెసర్ వేగం పెంచే పైస్టార్మ్ లాంటివి ఇంట్లో ఆడుకునే యంత్రాలకు బాగుంటాయి. రాత్రింబగళ్లు ప్రసారంలో ఉండే యంత్రంలో నేనైతే పెట్టను. అక్కడ వేగం ఎవరికీ అవసరం లేదు.

వీడియో స్లాట్‌లో పెద్ద కార్డు ఉండి, వెనక వరసగా బీఎన్‌సీ అనే గుండ్రటి వీడియో కనెక్టర్లు కనిపిస్తే అది న్యూటెక్ వీడియో టోస్టర్ కావచ్చు. కాన్సస్‌లోని టొపీకా నుంచి 1990లో వచ్చిన ఆ కార్డు స్విచర్, అక్షరాల జనరేటర్, పెయింట్, త్రీడీ అన్నీ ఒకేచోట ఇచ్చింది. యంత్రంతో కలిపినా ఐదు వేల డాలర్ల లోపే. ఒక తరం కమ్యూనిటీ ప్రొడ్యూసర్లు ప్రొఫెషనల్ లాంటి కార్యక్రమాలు చేయగలిగారంటే దాని వల్లే. దానికి ఇచ్చే ప్రతి వీడియో సిగ్నల్‌నూ ముందు సిగ్నల్ టైమింగ్ సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ గుండా పంపి ఒకే తాళంలో పెట్టాలి. వాటి సెట్టింగులు మారిస్తే మళ్లీ కుదరడానికి ఒక పూట పడుతుంది, కాబట్టి నాబ్‌లన్నిటి ఫొటోలు ముందే తీసుకోండి. టోస్టర్ ఎన్‌టీఎస్‌సీలో మాత్రమే పనిచేస్తుంది. ఇండియా, యూరప్‌లో ఎక్కువగా ఉన్నది పాల్ అనే వేరే టీవీ పద్ధతి కావడంతో అక్కడి స్టూడియోలు దాన్ని నేరుగా వాడుకోలేకపోయాయి.

ఇదే కారణంగా విడిభాగాల విషయంలో ఒక హెచ్చరిక. జర్మనీ, బ్రిటన్‌లో అమిగాలు విరివిగా దొరుకుతాయి, ఇండియా నుంచి ఎవరైనా పాతది పంపుతామన్నా ఆశ పుడుతుంది. ఆ యంత్రాలు పాల్‌వి, వాటి క్లాక్ 7.09. బోర్డు మీద జంపర్ మార్చి 60 హెర్ట్జ్‌కు తెచ్చినా క్రిస్టల్ మారదు కాబట్టి రంగుల లెక్క సరిగ్గా కుదరదు. పవర్ సప్లై 230 వోల్టులది. స్పేర్‌గా అమెరికన్ అమిగా 2000 ఇంకొకటి సంపాదించండి, ఖర్చు ఎక్కువైనా సరే.

ఒక సమస్య మీకు త్వరలోనే ఎదురుకావచ్చు. కేబుల్ కంపెనీ మీ స్టేషన్ నుంచి సిగ్నల్ తీసుకునే పెట్టెను మార్చినప్పుడు, సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చే కొత్త ఎన్‌కోడర్ అమిగా బొమ్మను గుర్తుపట్టదు, లేదా బొమ్మ ఉన్నట్టుండి గెంతుతుంది. అమిగా పాడైందని అందరూ దాన్నే అంటారు. చాలాసార్లు కారణం ఇంటర్లేస్, అంటే పైన చెప్పిన సరి, బేసి లైన్ల పద్ధతి, లేకపోవడం. పాత హోమ్ కంప్యూటర్లు మామూలుగా ఒకే ఫీల్డును, అంటే ఒక విడత లైన్లను, మళ్లీ మళ్లీ పంపుతాయి, ఫీల్డుకు 262 లైన్ల చొప్పున. టీవీ ప్రమాణం 262న్నర. గాజు గొట్టం టీవీ ఆ అర లైను తేడాను పట్టించుకునేది కాదు, డిజిటల్ ఎన్‌కోడర్ పట్టించుకుంటుంది. స్కాలాలో ఇంటర్లేస్ తెర ఎంచుకుంటే అమిగా సరైన లెక్క పంపుతుంది, సమస్య తీరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే మధ్యలో సిగ్నల్‌ను ప్రమాణానికి తెచ్చే ఫ్రేమ్ సింక్రొనైజర్ ఒకటి పెట్టాలి. ఇంకో చిన్న విషయం: 2000 వెనక ఉన్న కాంపోజిట్ సాకెట్ నలుపు తెలుపు మాత్రమే ఇస్తుంది. జెన్‌లాక్ తీసేసి నేరుగా దాన్నుంచి తీసుకుంటే రంగులు మాయమవుతాయి, దాన్ని చూసి భయపడొద్దు.

ఇక పాత వాలంటీరు సంగతి. మీరు ఆయన్ను మొండి అన్నారు, నాకు అలా అనిపించలేదు. మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో 19 స్కూళ్ల హీటింగ్, ఏసీలను ఒకే ఒక్క అమిగా 2000 నడుపుతోందని 2015లో వార్తల్లో వచ్చింది. 1980ల్లో ఆ ప్రోగ్రామ్ రాసింది ఒక హైస్కూలు విద్యార్థి. రేడియో మోడెమ్ మీద సెకనుకు 1,200 బిట్ల వేగంతో బాయిలర్లకు, ఫ్యాన్లకు ఆదేశాలు వెళ్లేవి. అన్నేళ్లు అది నడవడానికి అసలు కారణం, ఆ విద్యార్థి పెద్దయ్యాక కూడా అదే ఊళ్లో ఉండటం, ఏదైనా చిక్కొస్తే వచ్చి చూడటం. దాని స్థానంలో కొత్తది పెట్టడానికి పదిహేను నుంచి ఇరవై లక్షల డాలర్లు అవుతుందని అంచనా వేశారు. మీ స్టేషన్‌లో ఆ విద్యార్థి స్థానంలో ఉన్నది ఈ పెద్దాయనే. ఏ పేజీ ఏ స్క్రిప్టునుంచి పిలవబడుతుందో, కరెంటు పోయి వచ్చాక ఏది ముందు ఆన్ చేయాలో, ఆ వెనక వేలాడుతున్న కేబుల్ ఎందుకుందో ఆయనకు మాత్రమే తెలుసు. ఒక శనివారం ఆయన పక్కన కూర్చోండి. ఫోన్ కెమెరా ఆయన చేతుల మీద పెట్టి, ఒక కొత్త ప్రకటన మొదటినుంచి చివరిదాకా ఎక్కించమనండి, డిస్కు కాపీ తీయడం అప్పటికే అయిపోయి ఉంటేనే తర్వాత యంత్రాన్ని ఆపి మళ్లీ లేపమనండి. మాన్యువల్ రాయమని అడిగితే ఎవరూ రాయరు, చేసి చూపించమంటే మాత్రం సంతోషంగా చూపిస్తారు. తీసేస్తామని కాకుండా కాపాడుకుందామని వెళ్తే మాట కూడా వేరుగా ఉంటుంది.

మార్చాల్సిన రోజు ఎప్పుడన్నది నా లెక్కలో ఒకే విషయం మీద ఆధారపడుతుంది. మీ ఊరి చానెల్‌ను కేబుల్ కంపెనీ ఎస్‌డీలోనే, అంటే పాత స్టాండర్డ్ డెఫినిషన్ టీవీ పద్ధతిలోనే, తీసుకుంటున్నంతకాలం అమిగా బొమ్మ చూసేవాళ్లకు ఏ లోటూ చేయదు. పెద్ద అక్షరాలు, ముదురు రంగు నేపథ్యం, సన్న గీతలు లేని పేజీలు, ఇవన్నీ ఆ తెర కోసమే తయారైనవి. హెచ్‌డీలో చేసిన పేజీని ఎస్‌డీలోకి కుదిస్తే సన్న గీతలు మిణుకుతాయి, చిన్న అక్షరాలు చదవలేం. పెద్దవాళ్ల ఫిర్యాదులు అప్పుడు మొదలవుతాయి. కంపెనీ హెచ్‌డీ చానెల్ ఇవ్వడానికి ఒప్పుకున్న రోజున మాత్రం అమిగాకు కన్వర్టర్ల మీద కన్వర్టర్లు తగిలించి లాగొద్దు. అప్పుడు సామగ్రి డబ్బుతో కేబుల్‌కాస్ట్ లాంటి స్టేషన్ సిస్టమ్ తీసుకోండి, ఇంటినుంచే పేజీలు మార్చుకునే వీలుంటుంది. బడ్జెట్ కుదరకపోతే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి చాలు. రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్‌లో పాత టీవీలకిచ్చే కాంపోజిట్ అవుట్‌పుట్ కూడా ఉంది కాబట్టి ఎస్‌డీలో ఉండగానే దాన్ని అత్యవసర స్పేర్‌గా పెట్టుకోవచ్చు. బోర్డు చానెల్‌లో అదొక్కటే సోర్స్ అయితే జెన్‌లాక్ లేకపోవడం అడ్డు కాదు. నడుస్తున్న వీడియో మీద పేర్లు వేయాలంటే మాత్రం అది సరిపోదు.

పాత పేజీలు కొత్త చోటికి తేవడం మీరు భయపడుతున్నంత కష్టం కాదు. బొమ్మలు అమిగా వాడే ఐఎఫ్‌ఎఫ్ ఫైళ్లలో ఉంటాయి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ వాటిని పీఎన్‌జీలోకి మారుస్తుంది. స్కాలా స్క్రిప్టులు టెక్స్ట్ ఫైళ్లే, ఎడిటర్‌లో తెరిచి వాక్యాలు కాపీ చేసుకోవచ్చు. మొత్తం బోర్డును అలాగే మీ లాప్‌టాప్ మీద చూడాలంటే అమిగాను అనుకరించే విన్‌యూఏఈ లేదా ఎఫ్‌ఎస్‌యూఏఈ ప్రోగ్రామ్‌లో నడపండి. దానికి కావలసిన కిక్‌స్టార్ట్ రోమ్‌లను (అమిగాను మొదలుపెట్టే చిప్‌లోని సాఫ్ట్‌వేర్) క్లోయాంటో సంస్థ అమిగా ఫరెవర్ పేరుతో చట్టబద్ధంగా అమ్ముతోంది. ఊరి చరిత్ర సంఘం వాళ్లకు కూడా ఒక కాపీ ఇవ్వండి. ముప్పై ఏళ్ల స్కూలు మూసివేతలు, ఎన్నికల ప్రకటనలు, తప్పిపోయిన కుక్కల పేజీలు ఇంకెక్కడా దొరకవు.

మూత విప్పిన రోజు రెండు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఒకటి బోర్డు మీద రివిజన్ నంబరు, బ్యాటరీ కనిపించేలా, ఇంకొకటి వీడియో స్లాట్‌లో ఉన్న కార్డు, దాని వెనక కనెక్టర్లు కనిపించేలా. వాటిని బట్టి ఏ కాయిన్ సెల్ అడాప్టర్ సరిపోతుందో, కేబుళ్లు ఏ వరసలో విప్పాలో చెబుతాను.